ఒక్క అక్షరం తేడా

ఎమ్మిగనూరు మగ్గాల ఊరని మీకు తెలుసు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ నేతపనివారికి సహకార సంఘం పెట్టినప్పటినుంచీ ఆ ఊరి గుడ్డకు పేరుంది. అక్కడి నేతగాళ్ళలో ఎవరినైనా అడిగి చూడండి. పేకలో పొరపాటు జరిగితే ఆ ఒక్క చోటే కనబడుతుంది. నాడె నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి అది వెనకబడిపోతుంది. కాని పడుగులో ఒక్క పోగు అచ్చులో తన సందు వదిలి పక్క సందులో పడిందంటే అంతే. మొదటి మూరలో కనబడిన గీత చివరి మూరదాకా వస్తూనే వుంటుంది.

మన శరీరంలోని కణాలలో కూడా పడుగులాంటిది ఒకటి వుంది. దాన్నే డి.ఎన్.ఎ. అంటారు. ఒక కణం రెండయ్యేటప్పుడు డి.ఎన్.ఎ. కూడా రెండవుతుంది. అందులో తప్పు వుంటే ఆ తప్పూ రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. కాన్సర్ అనేది ఇలా పుడుతుందేమోనన్న అనుమానం శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా వుంది. అనుమానం వేరు, తప్పును పట్టుకుని "ఇదిగో, ఇక్కడ" అని వేలుపెట్టి చూపించడం వేరు. మనిషికి వచ్చిన కాన్సర్‌లో అలా వేలుపెట్టి చూపించినది 1982లో. చూపించినవారిలో ఒకరు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన శాస్త్రజ్ఞుడు, ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి.

ఆయన ఏం చేశాడో తెలుసుకోవాలంటే ముందు పని ఎంత పెద్దదో తెలియాలి. డి.ఎన్.ఎ. భాషలో అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. ఆ నాలుగూ రకరకాల వరుసల్లో వస్తూ, మనిషి జన్యు సమాచారం ఒక ప్రతిలో దాదాపు 300 కోట్ల అక్షరాల పొడవు వుంటుంది. పుటకు 2,000 అక్షరాల చొప్పున అచ్చువేస్తే 15 లక్షల పుటలు. మూడువందల పుటల పుస్తకాలైతే 5,000. ఇంత గ్రంథంలో ఒక్క అచ్చుతప్పు వెతకాలి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పలు పడి వున్నప్పుడు చూశారు కదా, ఆ కుప్పలన్నిటిలో ఒక పుచ్చుగింజ వుందని, దాన్ని తెచ్చి పెట్టమని మీతో ఎవరైనా అంటే ఎలా వుంటుంది? పైగా 1982లో డి.ఎన్.ఎ.ను గబగబా చదివే యంత్రాలు లేవు. జిగురు పలకమీద నల్లని గీతలను కంటితో చూస్తూ ఒక్కొక్క అక్షరం రాసుకోవలసిందే.

అందుకని వాళ్ళు చదవడంతో మొదలుపెట్టలేదు. జన్యువును ఒక కణంలోనుంచి తీసి ఇంకో కణంలో వేయడంతో మొదలుపెట్టారు.

జన్యువును అలా మార్చి వేయవచ్చునా? వేయవచ్చు. ప్రకృతిలో అది ఎప్పటినుంచో జరుగుతున్నదే. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే ఆయన న్యుమోనియా కలిగించే బాక్టీరియాను వేడిచేసి చంపి, దాన్ని హాని చేయని రకం బాక్టీరియాతో కలిపి ఎలుకలకు ఎక్కించాడు. హాని చేయని రకం కాస్తా చంపే రకంగా మారిపోయింది. చచ్చినదాన్నుంచి బతికినదానిలోకి పోయిన ఆ పదార్థం డి.ఎన్.ఎ. అని 1944లో ఎవరీ, ఆయన సహచరులు తేల్చారు.

మొక్కల్లో జరిగేది ఇంకా చిత్రం. మట్టిలో వుండే ఒక బాక్టీరియం గాయపడిన మొక్కలోకి తన డి.ఎన్.ఎ. ముక్కను దూర్చేస్తుంది. దాంతో కాండం మొదట్లో బొడిపె పెరుగుతుంది. అది మొక్కకు వచ్చిన కాన్సర్ వంటిదే. ఆ బాక్టీరియాకు తెలిసిన ఉపాయాన్నే మనిషి అరువు తెచ్చుకుని, బొడిపె కలిగించే భాగం తీసేసి, తనకు కావలసిన జన్యువులను మొక్కల్లోకి పంపడం నేర్చుకున్నాడు. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బి.టి. పత్తిలో వున్నది అలా బయటినుంచి వచ్చిన జన్యువే. కాయతొలుచు పురుగును చంపే ప్రోటీన్ తయారుచేసే ఆ జన్యువు అసలు ఒక నేల బాక్టీరియాది. ఆదోని యార్డుకి బళ్ళమీద వచ్చే పత్తి పక్కన నిలబడితే, మీరు జన్యువుల బదిలీ పక్కన నిలబడ్డట్టే. (గులాబీ రంగు పురుగు తరవాత ఆ ప్రోటీన్‌ను తట్టుకోవడం నేర్చుకుంది. అది వేరే కథ.)

జంతువుల కణాలకు 1973లో ఒక సులువు దొరికింది. డి.ఎన్.ఎ.ను కాల్షియం ఫాస్ఫేటుతో కలిపితే సన్నని నలుసుల్లా అయి కణాలమీద పడుతుంది. కణాలు ఆ నలుసులను మింగుతాయి. అయితే లక్షల కణాల్లో ఏ కొన్నో మాత్రమే కొత్త జన్యువును నిలుపుకుంటాయి. ఆ కొన్నిటినీ ఏరడం ఎలా?

ఇక్కడ మనవాడొకరు అనుకోకుండా అడుగుపెడతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో అమినోప్టెరిన్ అనే మందు తయారైంది. రక్తకాన్సర్ వచ్చిన పిల్లలకు సిడ్నీ ఫార్బర్ దాన్ని ఇచ్చి చూసి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. అదే మందు తరవాత జన్యువుల బదిలీలో జల్లెడలా పనికివచ్చింది. ఆ మందు వున్న పోషకద్రవంలో ఒక ప్రత్యేక జన్యువు లేని కణాలు చచ్చిపోతాయి, దాన్ని బయటినుంచి అందుకున్నవి బతుకుతాయి. మిగిలినవే మనకు కావలసినవి! సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు. తన మందుకు ఇలాంటి ఉద్యోగం కూడా దొరుకుతుందని ఆయన ఊహించి వుండరు.

కాన్సర్ జన్యువు విషయంలో జల్లెడ కూడా అక్కరలేదు. అది తన్ను తానే చూపించుకుంటుంది. 3టి3 అని పిలిచే చిట్టెలుక కణాలు గాజు పళ్ళెంలో పలచగా ఒకే పొరలా పెరుగుతాయి. పక్కవాడు తగలగానే ఆగిపోతాయి. బస్సులో చోటులేకపోతే ఎక్కకుండా ఆగిపోయే పెద్దమనుషుల్లాంటివన్నమాట. కాన్సర్ జన్యువు దూరిన కణానికి ఆ మర్యాద వుండదు. ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్పగా పెరుగుతాయి. రెండు మూడు వారాలకు ఆ కుప్పలు కంటికే కనబడతాయి.

రాబర్ట్ వైన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో 1979లో ఈ పద్ధతితోనే ఒక గొప్ప సంగతి బయటపడింది. రసాయనంతో కాన్సర్ కణాలుగా మారిన ఎలుక కణాలనుంచి డి.ఎన్.ఎ. తీసి మామూలు కణాలలో వేస్తే అవీ కాన్సర్ కణాల్లా కుప్పలు కట్టాయి. మధ్యలో వైరస్ ఏమీ లేదు. అంటే రోగం డి.ఎన్.ఎ.లోనే వుంది! తరవాత మనుషుల కాన్సర్లతో చేశారు. అందులో ముఖ్యమైనది టి-24 అనే కణాల వరుస. అది స్వీడన్ దేశంలో 81 ఏళ్ళ ముసలమ్మ మూత్రాశయంలోని కంతినుంచి 1970లో తీసి పెంచినది. ఆమె కంతి కణాలు ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే వున్నాయి.

మూత్రాశయ కాన్సర్ అనగానే ఎమ్మిగనూరు నూలు అద్దకాలు తెలిసినవారికి ఇంకో సంగతి చెప్పాలనిపిస్తుంది. 1895లో లుడ్విగ్ రేన్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు, కృత్రిమ రంగులు తయారుచేసే ఫాక్టరీలో పనిచేసేవారికి ఈ కాన్సర్ ఎక్కువగా వస్తోందని గమనించాడు. ఆ రంగుల ముడిసరుకుల్లో కొన్ని మూత్రంలో చేరి మూత్రాశయం గోడను పాడుచేస్తాయని తరవాత తేలింది. బెంజిడీన్ అలాంటిదే. బెంజిడీన్‌తో చేసిన రంగులను మన ప్రభుత్వం 1990 దశకంలో నిషేధించింది. ఈ కాన్సర్‌కు ఈనాటికీ అన్నిటికంటె పెద్ద కారణం మాత్రం పొగాకు. బీడీ పొగ పీల్చేది ఊపిరితిత్తుల్లోకే అయినా, అందులోని విషాలు రక్తంలో తిరిగి చివరికి మూత్రంతోనే కదా బయటికి పోవాలి!

టి-24 డి.ఎన్.ఎ.ను ఎలుక కణాలలో వేశారు. కుప్పలు వచ్చాయి. ఆ కుప్పలోని డి.ఎన్.ఎ. తీసి మళ్ళీ కొత్త ఎలుక కణాలలో వేశారు. మళ్ళీ కుప్పలు. ఇలా రెండుసార్లు ఎందుకు చేస్తారో గమనించండి. మొదటిసారి ఎలుక కణంలోకి మనిషి డి.ఎన్.ఎ. ముక్కలు చాలా పోతాయి. రెండోసారికి కుప్ప కట్టించే ముక్క తప్ప దాదాపు మిగిలినవన్నీ రాలిపోతాయి. మనిషి డి.ఎన్.ఎ.లో అక్కడక్కడా మళ్ళీ మళ్ళీ వచ్చే కొన్ని వరుసలున్నాయి, అవి ఎలుకల్లో ఆ రూపంలో వుండవు. ఎర్రపోగు కలిపి నేసిన గుడ్డలో ఆ పోగును పట్టుకున్నట్టు, ఎలుక డి.ఎన్.ఎ. మధ్య ఆ వరుసలను పట్టుకుంటే చాలు, పక్కనే మనకు కావలసిన జన్యువు వుంటుంది. 15 లక్షల పుటల గ్రంథం ఈ ఉపాయంతో మూడు నాలుగు పుటలకు తగ్గింది. దొరికిన ముక్క పొడవు 6,600 అక్షరాలు.

ఆ జన్యువు ఎవరో కాదు, పాత నేరస్థుడే. ఎలుకల్లో కంతులు కలిగించే హార్వే వైరస్‌లో వుండే 'రాస్' జన్యువు అదే. వైరస్ దాన్ని ఎప్పుడో ఎలుకనుంచి ఎత్తుకుపోయింది. మన కణాలన్నిటిలోనూ మంచి రాస్ జన్యువు వుంది. మరి ఆరోగ్యంగా వున్నవారి రాస్ ఎలుక కణాలలో వేస్తే కుప్పలు రావు, ముసలమ్మ కంతిలోని రాస్ వేస్తే వస్తాయి. తేడా ఎక్కడ?

ఈ ప్రశ్నకు జవాబు కోసం మూడు ప్రయోగశాలలు పోటీపడ్డాయి. ఒకటి వైన్‌బర్గ్‌ది. ఒకటి మైకేల్ విగ్లర్‌ది. మూడోది బెథెస్డాలోని జాతీయ కాన్సర్ సంస్థలో స్పెయిన్ దేశస్థులు మరియానో బార్బసిడ్, యుజెనియో సాంతోస్‌లది. అక్కడే ప్రేమ్‌కుమార్ రెడ్డి వున్నాడు. డి.ఎన్.ఎ. చదవడంలో ఆయన అప్పటికే చెయ్యి తిరిగినవాడు. ఎలుకల్లో కాన్సర్ తెచ్చే మోలోనీ వైరస్ జన్యువులను, దాదాపు 5,800 అక్షరాలు, మొత్తం చదివి 1981లో సహచరులతో కలిసి ప్రకటించాడు. అంత చదివినవాడికి ఇది పెద్ద లెక్కా?

అయితే చదివే ముందు ఇంకో ఉపాయం. రెండు జన్యువులనూ ఒకే చోట్ల కోసి ముక్కలు మార్చి అతికించారు. మంచిదాని తల, చెడ్డదాని తోక. చెడ్డదాని తల, మంచిదాని తోక. ఒక్కొక్క అతుకును ఎలుక కణాలలో వేసి చూడడం. కుప్పలు వస్తే చెడుగు ఆ ముక్కలో వున్నట్టు. రాకపోతే రెండో ముక్కలో. ఇలా తగ్గించుకుంటూ వస్తే 350 అక్షరాల ముక్క మిగిలింది. అప్పుడు చదివారు.

మంచి రాస్: జి జి సి
కంతి రాస్: జి టి సి

అంతే! 'జి' వుండవలసిన చోట 'టి' వుంది. మిగతాదంతా ఒకటే. మూడు అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం చొప్పున ప్రోటీన్ తయారవుతుందని మీరు చదువుకున్నారు కదా. రాస్ ప్రోటీన్‌లో 189 అమైనో ఆమ్లాలున్నాయి. వాటిలో 12వది గ్లైసీన్ కావలసింది వేలీన్ అయింది. వైన్‌బర్గ్ బృందం వ్యాసమూ, రెడ్డి మొదటి రచయితగా బెథెస్డా బృందం వ్యాసమూ 'నేచర్' పత్రిక 1982 నవంబరు 11 సంచికలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. విగ్లర్ బృందానిది కొద్దివారాలకే వచ్చింది. మూడు చోట్లా విడివిడిగా చేసినా ఒకటే అక్షరం దొరికింది. ఎవరు ముందు అని వాదించుకోవడం కంటే ఈ సంగతే నాకు గొప్పగా తోస్తుంది. ఒకరు చెబితే పొరపాటు కావచ్చు, ముగ్గురూ ఒకే చోట వేలుపెడితే ఇక అనుమానమేముంది?

ఒక్క అమైనో ఆమ్లం మారితే ఏమైంది? రాస్ ప్రోటీన్ కరెంటు స్విచ్చి లాంటిది. కణం పెరగాలని బయటినుంచి కబురు వస్తే జి.టి.పి. అనే అణువును పట్టుకుని 'వెలుగుతుంది'. పని అవగానే ఆ జి.టి.పి.ని విరగగొట్టి 'ఆరిపోతుంది'. విరగగొట్టే పనికి ఇంకో ప్రోటీన్ వచ్చి సాయం చేస్తుంది. గ్లైసీన్ అన్ని అమైనో ఆమ్లాల్లోకీ చిన్నది, దానికి పక్కకొమ్మ లేదు. దాని చోట లావుపాటి వేలీన్ వచ్చి కూర్చుంటే, సాయానికి వచ్చినదానికి చోటు చాలదు. జి.టి.పి. విరగదు. స్విచ్చి వేసినట్టే వుండిపోతుంది. కణం పెరుగుతూనే వుంటుంది.

ఇంత చదివి, ఒక్క అక్షరం మారితే చాలు కాన్సర్ వచ్చేస్తుందని భయపడకండి. ప్రయోగంలో వాడిన 3టి3 కణాలు అసలే సగం దారి తప్పినవి. మామూలు కణాలకు చావు వుంటుంది, వాటికి లేదు. 1983లో వైన్‌బర్గ్ బృందమే మరో ప్రయోగం చేసింది. ఎలుకనుంచి అప్పుడే తీసిన తాజా కణాలలో ఒక్క రాస్ వేస్తే అవి కాన్సర్ కణాలు కాలేదు. దానితోపాటు 'మిక్' అనే ఇంకో జన్యువు కూడా వేస్తే అయ్యాయి. అంటే తాళాలు ఒకటికంటె ఎక్కువున్నాయి. అన్నీ విరగాలి. అందుకే కాన్సర్ పెద్దవయసులో ఎక్కువ.

తాళాలు విరగగొట్టేవి మన చుట్టూనే వున్నాయి, వాటిలో ఒకదాన్ని పడమటి కర్నూలు పిల్లలు తప్పక తెలుసుకోవాలి. వేరుశనగను మీరు బుడ్డలంటారు. తడిసిన బుడ్డలు సరిగా ఆరకుండా మూటకడితే పచ్చని బూజు పడుతుంది. ఆ బూజులో కొన్ని రకాలు అఫ్లటాక్సిన్ అనే విషం తయారుచేస్తాయి. అది కాలేయంలోకి పోయి డి.ఎన్.ఎ.లోని 'జి' అక్షరానికి అతుక్కుంటుంది. కణం విభజన చెందేటప్పుడు ఆ 'జి'ని తప్పుగా చదివి, చివరికి ఆ చోట 'టి' వచ్చి చేరుతుంది. పి-53 అనే కాపలా జన్యువులో ఇలా ఒక 'జి' పోయి 'టి' రావడం, అఫ్లటాక్సిన్ ఎక్కువున్న దేశాల కాలేయ కాన్సర్లలో తరచుగా కనబడుతుందని 1991లో వెల్లడైంది. ఇక్కడా అదే మార్పు చూశారా, 'జి' పోయి 'టి'! పొగాకు పొగ కూడా ఈ మార్పునే ఎక్కువగా తెస్తుంది. చేదెక్కిన, ముడుచుకున్న, బూజుపట్టిన గింజను ఉమ్మేయండి. వేయిస్తే విషం పూర్తిగా పోదు.

ప్రేమ్‌కుమార్ రెడ్డి సంగతి ఇంకొంచెం వుంది. 1987లో ఆయన సంపాదకుల్లో ఒకరుగా 'ఆంకోజీన్' అనే పత్రిక మొదలైంది. కాన్సర్ జన్యువుల గురించి మాత్రమే ఒక పత్రిక! అయిదేళ్ళ కిందట వేలుపెట్టి చూపడానికి ఒక్క అక్షరం లేని విషయానికి పత్రిక నిండా వ్యాసాలు వచ్చాయన్నమాట. తరవాత ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయంలోని ఫెల్స్ కాన్సర్ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశాడు. జబ్బు కారణం తెలిసినవాడు మందు కోసం వెతకకుండా వుంటాడా? రిగోసెర్టిబ్ అనే మందును ఆయన బృందం తయారుచేసింది. అది రాస్ నుంచి వెళ్ళే కబురును అడ్డుకుంటుందని 2016లో రాశారు. కాదు, అది కణం లోపలి సన్ననాళాలమీద పనిచేస్తుందని మరికొందరు ప్రయోగాలు చూపించి వాదించారు. ఒక రకం రక్తవ్యాధి రోగులకు ఆ మందు ఇచ్చి రెండుసార్లు పెద్దయెత్తున పరీక్షించారు. 2014లోనూ 2020లోనూ ఆశించిన ఫలితం రాలేదు. ఒక అక్షరాన్ని కనిపెట్టడానికి కొన్ని నెలలు పట్టింది, దాన్ని మందుతో అడ్డుకోవడానికి ఆయనకు ఒక జీవితకాలం చాలలేదు. మనుషుల కాన్సర్లలో దాదాపు అయిదింట ఒకదానిలో రాస్ జన్యువుల్లో ఏదో ఒకటి చెడి వుంటుంది కనుక, ఈ వెతుకులాట ఎవరూ ఆపలేదు.

జన్యువుల బదిలీ కూడా ప్రయోగశాల పళ్ళెంలోనే ఆగలేదు. జబ్బు మనిషికి మంచి జన్యువు ఇచ్చి బాగుచేయవచ్చు గదా అని 1990లో అమెరికాలో మొదలుపెట్టారు. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు పారిస్‌లో వైరస్ ద్వారా జన్యువు ఇచ్చారు. పిల్లలు కోలుకున్నారు, అందరూ సంతోషించారు. కాని 2002 నుంచి వారిలో నలుగురికి రక్తకాన్సర్ వచ్చింది, ఒకరు చనిపోయారు. వైరస్ తెచ్చిన జన్యువు వెళ్ళి కణం పెరుగుదలకు సంబంధించిన ఇంకో జన్యువు పక్కన కూర్చుని దాన్ని మేల్కొలిపింది. కాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి పనికివచ్చిన పద్ధతే కాన్సర్ తెచ్చింది! ఆ తరవాత వైరస్‌లను మార్చి, జాగ్రత్తలు పెంచారు. రోగి రక్తంలోని తెల్లకణాలు తీసి, కాన్సర్ కణాన్ని గుర్తుపట్టే జన్యువు వాటిలో వేసి తిరిగి ఎక్కించే వైద్యానికి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆస్పత్రి కలిసి తయారుచేసిన అలాంటి వైద్యానికి మన దేశంలో 2023లో అనుమతి ఇచ్చారు.

రాస్‌ను నేరుగా పట్టుకునే మొదటి మందు సోటోరాసిబ్‌కు 2021లో అనుమతి వచ్చింది. ముసలమ్మ కంతిలోని అక్షరం తెలిసిన 39 ఏళ్ళకు! అయితే అది రాస్ కుటుంబంలోని ఇంకో జన్యువులో, 12వ చోట గ్లైసీన్ పోయి సిస్టీన్ వచ్చినవారికి మాత్రమే, ముఖ్యంగా కొన్ని ఊపిరితిత్తుల కాన్సర్లకు. మందులోని అణువు ఆ సిస్టీన్‌లోని గంధకాన్ని కొక్కెంలా పట్టుకుంటుంది. రెడ్డి 1982లో చదివిన జన్యువులో ఆ చోట వున్నది వేలీన్. వేలీన్‌లో గంధకం లేదు, ఆ కొక్కెం దానికి తగలదు.